పక్క సీట్లో ఇసుక మూట

డిపోలో పనిచేసిన ముప్పై నాలుగేళ్లూ ఆయన్ని వెంట్రుకవాసి అనే పిలిచారు. బస్సు కింద పడుకుని, స్ప్రింగు అంచుని బొటనవేలి గోటితో ఒక్కసారి తడిమి, "వెంట్రుకవాసి తేడా ఉంది, విప్పండి" అనేవాడు. కిందివాళ్లు గొణుక్కుంటూ విప్పి కొలిచేవాళ్లు. తేడా ఉండేది. ఇంకేం చేస్తారు, నోరు మూసుకుని మళ్లీ బిగించేవాళ్లు. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పెళ్లాం కూడా ఒళ్లు మండినప్పుడు "అయ్యా వెంట్రుకవాసిగారూ" అనే పిలిచేది.

అలా పిలిచే మనిషి పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. అంత ఇంట్లోనూ ఇప్పుడు ఆయన వాడుకునేది మూడే చోట్లు: మంచం, పొయ్యి, ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డు. మంచం మీద కూడా తన సగమే. అలమరలో రెండు కంచాలు ఒకదాని మీద ఒకటి ఉంటే పైది తీసి తిని, కడిగి, మళ్లీ దాని మీదే బోర్లించేవాడు. కిందిది రెండేళ్లుగా కదల్లేదు. రోజు మొత్తంలో ఆయన గొంతు ఆయనకి వినిపించేది ఏదైనా బోల్టు తుప్పు పట్టి రానని మొరాయించినప్పుడే. అప్పుడు మాత్రం దివ్యంగా వినిపించేది. పక్కింటి దర్జీ లేచి కిటికీ మూసుకునేవాడు.

షెడ్డులో ఉన్నది నలభై ఒక్కేళ్ల కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే పెట్టె మూసినట్టు బరువైన చప్పుడు. పెళ్లయిన ఏడాది కొన్నారు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంజను సామాను ఎలాగోలా దొరుకుతుంది గానీ, ముందు చక్రాల స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ కావాలంటే దుకాణాల్లో నవ్వుతారు. "ఎందుకు పెద్దాయనా ఈ తిప్పలు, ముందు గదిలో బొమ్మగా పెట్టుకోండి" అన్నాడొక దుకాణంవాడు. "నీ మొహమే పెట్టుకో బొమ్మగా, కాకి కూడా వాలదు" అని మెట్లు దిగి వచ్చేశాడు వెంట్రుకవాసి. ఆ దుకాణానికి మళ్లీ వెళ్లలేదు. అలా ఆయన మళ్లీ వెళ్లని చోట్లు ఊళ్లో చాలానే ఉన్నాయి.

ఈ పని మొదలుపెట్టింది ఆవిడ కోసమే. జబ్బు ముదిరాక, హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే రోడ్డు మీద ప్రతి గుంటకీ ఆవిడ పళ్ల బిగువున మూలిగేది. ఆయన స్టీరింగు పట్టుకుని ఆ మూలుగు వినలేకపోయాడు. "ఒక్క నెల ఓపిక పట్టు. ముందు భాగం మొత్తం మార్చేస్తాను. కూర్చున్నట్టే తెలియదు నీకు" అని మాటిచ్చాడు.

సరుకులు మోసే చిన్న వ్యానుకని చేసిన స్ప్రింగులూ షాక్‌లూ కొన్నాడు. అవి ఈ బండికి సరిపోయాయా అంటే, ఎవరి చెప్పో ఎవరి కాలికో తొడిగినట్టే. స్ప్రింగు చుట్టు చిన్నది, పాత గిన్నెలో కూర్చోకుండా అటూ ఇటూ జరిగేది. లేత్ మిషను మీద ఇనప ఉంగరం చెక్కి ఆ సందు పూడ్చాడు. షాక్ కింది కంతలో పాత బోల్టు దూరదు. కంత తొలిస్తే గోడ పలచబడుతుంది, బోల్టు అరగదీస్తే బలం పోతుంది. కంత లోపల కుదుపు తగలకుండా ఉండే రబ్బరు బుష్షుని నొక్కి బయటికి తీసి, దాని నడుమ ఉండే ఉక్కు గొట్టాన్ని కొత్తగా తయారుచేసి మళ్లీ ఎక్కించాడు. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీ మీద పైకీ కిందికీ ఆడించి, షాక్ ముడుచుకుంటే ఎంత, సాగితే ఎంత అని కొలిచాడు. ముప్పావు అంగుళం పొట్టి వచ్చింది. పైన అంత ఎత్తు బ్రాకెట్ చేసి వేయాల్సి వచ్చింది. ఒక్కో ముక్కా మూడుసార్లు చెడి నాలుగోసారికి కుదిరింది.

నెల అన్నది ఆరు నెలలయింది. అప్పటికీ కాలేదు. ఆవిడ ఆగలేదు.

ఆ తర్వాత ఏడాది పైన ఆయన షెడ్డు తలుపు తీయలేదు. ఒకరోజు తీశాడు. మొదలుపెట్టిన పనిని సగంలో వదిలెయ్యడం ఆయన ఒంటికి పడదు. పైగా ఇంట్లో ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఎవరన్నా అడిగితే మొదటి కారణమే చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

చివరికి మిగిలింది బిగింపు. దీంట్లో ఆయనకొక పట్టింపు ఉంది. బుష్షుల బోల్టులు బండి గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. అలా బిగిస్తే, నేలకి దించగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. బండి నేల మీద నిలబడాలి, ఎక్కాల్సినవాళ్లు ఎక్కి కూర్చోవాలి, అప్పుడే బిగించాలి. బస్సులకైతే సీట్ల నిండా ఇసుక మూటలు పెట్టించేవాడు. తన కారుకైతే డ్రైవరు సీట్లో తన బరువుకి ఇసుక మూట, పక్క సీట్లో ఆవిడ. ఆవిడ వారపత్రిక చదువుకుంటూ కూర్చునేది, ఈయన కింద పడుకుని బోల్టులు తిప్పేవాడు. "నన్ను చేసుకున్నది నా కోసమా, నా బరువు కోసమా?" అనేది పైనుంచి. "కదలకు, లెక్క తప్పుతుంది" అనేవాడు కిందనుంచి. ప్రతిసారీ ఎక్కే ముందు ఆవిడని త్రాసు మీద నిలబెట్టి, అంకె నోటుబుక్కులో తేదీ వేసి రాసేవాడు. యాభై ఒకటి. యాభై ఆరు. యాభై నాలుగు. ఆ చివరి అంకె ఎనిమిదేళ్ల కిందటిది. మళ్లీ స్ప్రింగుల పని పడలేదు, మళ్లీ తూచలేదు.

ఈసారి తన మూట కాక యాభై నాలుగు కిలోల ఇసుక తూచి, సంచిలో పోసి మూతి కట్టి, పక్క సీట్లో కూర్చోబెట్టాడు. జారకుండా బెల్టు కూడా పెట్టాడు. పెట్టి, ఎదురుగా నిలబడి కాసేపు చూశాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకున్నాడు. ఆ బరువుకి బండి రెండు వైపులా సమంగా నిలిచేలా, పక్క సీటు వైపు స్ప్రింగు కింద తొమ్మిది మిల్లీమీటర్ల మందం ఉంగరం వేసి, బోల్టులన్నీ బిగించాడు. రెండూ దించి తను ఒక్కడే ఎక్కితే బండి తన వైపుకి ఒరిగింది. ఒరిగితే ఒరగనీ అనుకున్నాడు.

ఆయన ఒరగనిస్తాడు సరే, రూల్సు ఒరగనివ్వవు కదా. పాత బండికి బయటి సామాన్లు అమరిస్తే తనిఖీ చేయించి కాగితం తీసుకోవాలి. లేకపోతే నంబరు ప్లేట్లు విప్పి అప్పగించేసి, బండిని మూల పడెయ్యాలి. గడువు ఆ గురువారంతో సరి. ఆయన సోమవారమే తనిఖీకి వెళ్లాడు.

తనిఖీ చేసే అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, బండి కింది గోతిలోకి దిగి, టార్చి వేసి చాలాసేపు చూసింది.

"ఈ బుష్షు గొట్టాలు ఎక్కడ చేయించారండీ?"

"నేనే చేశాను."

"ఈ బ్రాకెట్టు?"

"అదీ నేనే."

"కంపెనీవాళ్లు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరండీ" అంది. పొగడ్త విని ఎన్నాళ్లయిందో, వెంట్రుకవాసి చెవులు వేడెక్కాయి.

తర్వాత ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోమని, రెండు చక్రాల పైన ఎత్తు కొలిచింది. మళ్లీ కొలిచింది. "పద్నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉందండీ. పది దాటితే నేను సంతకం పెట్టకూడదు."

"ఒక్కణ్ణి కూర్చోబెట్టి కొలిస్తే అలాగే వస్తుంది" అన్నాడు ఆయన విసురుగా. "ఇది ఇద్దరికని సరిచేసిన బండి."

"ఇద్దరంటే?"

"నేనూ మా ఆవిడా."

అనేశాడు. నోరు జారడం ఒక క్షణం, వెనక్కి తీసుకోవడం ఒక జన్మ. ఆ అమ్మాయి రూల్సు కాగితాల కట్ట తిప్పి చూసింది. మొహం విప్పారింది. "మామూలుగా ఎంతమంది వెళ్తారో ఆ బరువుతోనే కొలవచ్చని ఉందండీ. మీరెప్పుడూ ఇద్దరే వెళ్తారా?"

"ఎప్పుడూ."

"అయితే ఇంకేం, గురువారం ఆంటీని కూడా తీసుకురండి. కూర్చోబెట్టి కొలిచేద్దాం."

పాపం, మంచికే చెప్పింది. ఆయన తలూపి, ఒరిగిన బండిలో ఒరిగే ఇంటికొచ్చాడు.

తొమ్మిది మిల్లీమీటర్ల ఉంగరం తీసేస్తే ఒక పూటలో తేలిపోయే పని. అది ఆయనకి తెలియక కాదు. తీస్తే, ఆ సీట్లోకి ఇక ఎవరూ రారని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టవుతుంది. అది చేతకాలేదు. దాని బదులు, యాభై నాలుగు కిలోల మనిషిని వెతకడం మొదలుపెట్టాడు. చూడండి ఎంత తెలివో! దర్జీని అడుగుదామంటే అతను ఎనభై తొమ్మిది కిలోలు, ఎక్కితే బండి కాదు, వీధి ఒరుగుతుంది. దర్జీ పెళ్లాన్ని అడిగితే దర్జీ కత్తెర పట్టుకుని వస్తాడు. డిపో స్నేహితులంటూ ఎవరూ లేరు, అందర్నీ వెంట్రుకవాసి తేడాలకే పోగొట్టుకున్నాడు. ఇక మిగిలింది చిట్టి.

చిట్టి ఆయన మరదలు, ఆవిడకి చెల్లెలు. అక్కలాగే పొట్టిగా, అదే ఒడ్డూ పొడుగూ. నాలుగు వీధుల అవతల ఇస్త్రీ దుకాణం. మాటలు లేక రెండేళ్లు. అక్క పోయిన రోజు, అందరూ వెళ్లిపోయాక, "గోటితో తడిమి తేడా చెప్పేస్తావు కదా బావా, ఇంట్లో మనిషి సంగతి మాత్రం తెలియలేదా నీకు?" అంది. "గడప దాటు" అన్నాడు ఆయన. దాటింది. మళ్లీ తొక్కలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన దుకాణం ముందు నిలబడ్డాడు. చిట్టి చొక్కా చేతిని బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది.

"ఎవరు పోయారు?" అంది తలెత్తకుండా.

"ఎవరూ పోలేదు."

"మరి నువ్వెందుకొచ్చావు బావా?"

చెప్పాడు. తనిఖీ, పద్నాలుగు మిల్లీమీటర్లు, గురువారం గడువు, ఆ అమ్మాయికి చెప్పిన అబద్ధం, అన్నీ దాచకుండా చెప్పాడు. చిట్టి ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"అంటే నేనొచ్చి అక్కనని చెప్పాలా?"

"ఏమీ చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. నీదీ ఇంచుమించు అంతే బరువు."

"నేనేమన్నా ఇసుక మూటనా, తెచ్చి కూర్చోబెట్టడానికి?" అని, ఏదో తట్టినట్టు ఆగింది. "ఇంతకీ ఎంతకి సరిచేశావు? అక్క బరువు ఎంతనుకున్నావు?"

"అనుకోవడమేమిటి, రాసి ఉంది. యాభై నాలుగు." జేబులోంచి నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి చూపించాడు. చిట్టి ఆ అంకెల పక్కనున్న తేదీలు చూసింది.

"ఎనిమిదేళ్ల కిందటిది బావా ఇది."

"అయితే?"

"పోయేనాటికి ముప్పై ఎనిమిది."

"కాదు" అన్నాడు ఆయన.

"హాస్పిటల్లో త్రాసు ఎక్కించినదాన్ని నేను. స్నానానికి ఎత్తుకుని తీసుకెళ్లినదాన్ని నేను. నాకు నువ్వు చెప్తావా?" గొంతు లేవబోయి, తనంతట తనే తగ్గింది. "ఎముకలు పరుపుకి గుచ్చుకుంటున్నాయనేది. కింద నాలుగు దుప్పట్లు మడిచి వేసేదాన్ని. నువ్వేమో షెడ్డులో కూర్చుని బండిని మెత్తగా చేస్తున్నావు."

"దానికోసమే కదే చేశాను!"

"తెలుసు. అక్కకీ తెలుసు. అందుకే నిన్ను పిలవనిచ్చేది కాదు. 'చేతిలో పని చెడుతుంది, పిలవకే' అనేది. నువ్వు షెడ్డు తలుపు మూసిన చప్పుడు వినిపిస్తే చాలు, జుట్టు సర్దమని నా ప్రాణం తీసేది. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి 'ఇంకొక్క వారం' అనేవాడివి. అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయేవాడివి. కూర్చోలేదు బావా నువ్వు. ఒక్కరోజు కూడా పక్కన కూర్చోలేదు."

ఆయన నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

"నేను రాను" అంది చివరికి, చొక్కా మడత పెడుతూ. "కోపంతో కాదు. ఆ సీట్లో అక్క పేరు చెప్పుకుని నేను కూర్చోలేను. వెళ్లు."

ఇంటికొచ్చి ఆయన నేరుగా షెడ్డులోకి వెళ్లాడు. ఇసుక సంచి గోడ వారగా ఉంది. మూతి విప్పి, డబ్బాతో తోడి బకెట్లో పోస్తూ, తూచుకుంటూ, పదహారు కిలోలు తీశాడు. మళ్లీ మూతి కట్టాడు. నిండుగా నిలబడే సంచి, పైభాగం ఖాళీ అయి మెడ వాల్చేసింది. దాన్ని ఎత్తుకున్నాడు. ఒంట్లో అంత సత్తువ లేని ఈ వయసులో కూడా నడుం పట్టకుండా లేచొచ్చింది. ఇంత తేలిక మనిషిని తను ఒక్కసారి కూడా ఎత్తలేదని అప్పుడు తెలిసింది. మంచం మీంచి కుర్చీలోకైనా ఎత్తలేదు. ఎత్తి ఉంటే తెలిసేది. త్రాసు అక్కర్లేదు, నోటుబుక్కు అక్కర్లేదు, చేతులకే తెలిసేది.

సంచిని పక్క సీట్లో పెట్టి, బెల్టు పెట్టి, తను డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. షెడ్డు తలుపు తెరిచే ఉంది. ఏడుపు అప్పుడొచ్చింది. సిగ్గు లేకుండా, గొంతు చించుకుని ఏడ్చాడు. "తప్పు చేశానే" అన్నాడు సంచితో. "పిలవొద్దంటే మాత్రం, నేను రావద్దూ?" పక్కింట్లో దర్జీ కిటికీ మూయడానికి లేచి, ఇది బోల్టు మీద కోపం కాదని తెలిసి, మూయకుండా నిలబడిపోయాడు.

బుధవారం పొద్దున్నే బండిని జాకీ మీద ఎత్తి, తొమ్మిది మిల్లీమీటర్ల ఉంగరం తీసేశాడు. నేలకి దించి, డ్రైవరు సీట్లో తన బరువుకి మూట పెట్టాడు. పక్క సీటు ఖాళీ. కింద పడుకుని ఒక్కో బోల్టూ బిగించాడు. పైనుంచి ఎవరూ ఏమీ అనలేదు. "కదలకు" అనాల్సిన అవసరం రాలేదు. పనయ్యాక నోటుబుక్కు తీసి, యాభై నాలుగు కింద ముప్పై ఎనిమిది అని రాశాడు. దాని పక్కన ఆవిడ పోయిన తేదీ వేశాడు. ఆ కింద గీత గీసి, "ఒక్కడు" అని రాశాడు.

గురువారం తనిఖీ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, పక్క సీటు చూసి, "ఆంటీ రాలేదా?" అంది.

"లేదమ్మా. ఆవిడ పోయి రెండేళ్లయింది. సోమవారం నీకు అబద్ధం చెప్పాను."

ఆ అమ్మాయి కళ్లద్దాలు కళ్ల మీదికి దించుకుంది. కిందికి వంగి కొలిచింది. మళ్లీ కొలవలేదు. "ఒక్క మిల్లీమీటరు" అని సంతకం పెట్టి, కాగితం ఇస్తూ, ఉద్యోగం కాబట్టి చెప్పక తప్పదన్నట్టు చెప్పింది. "ఇకమీదట పక్కన ఎవరన్నా కూర్చుంటే మాత్రం అటు ఒరుగుతుందండీ."

"ఒరగాలమ్మా" అన్నాడు ఆయన. "ఒరిగితేనే కదా తెలిసేది."

వచ్చేటప్పుడు బండి నున్నగా నడిచింది. గుంటలు వచ్చాయి, పోయాయి. ఆవిడకి మాటిచ్చినట్టే, కూర్చున్నట్టే తెలియలేదు. అది ఇప్పుడు ఎవరికి కావాలి? ఇంటి వైపు తిరగాల్సిన మలుపు దగ్గర తిరగకుండా, నాలుగు వీధుల అవతల ఇస్త్రీ దుకాణం ముందు ఆపాడు. ఎందుకు ఆపాడో ఆయనకే సరిగ్గా తెలియదు. చిట్టి ఇస్త్రీ బట్టల మూటలు మెట్టు మీద పెట్టి, షట్టరు దించబోతోంది.

"పాసయిందా?"

"అయింది."

"ఎవర్ని కూర్చోబెట్టావు?"

"ఎవర్నీ కాదు. ఉంగరం తీసేశాను. ఒక్కడికే సరిచేశాను."

చిట్టి బండి కేసి, ఆయన కేసి చూసింది. షట్టరు దించి తాళం వేసింది. "ఈ మూటలు మూడిళ్లలో ఇచ్చి రావాలి" అంది, ఎటో చూస్తూ. "మోకాలు నొప్పి. నడవలేను." ఆయన ఏమీ అనకముందే వెనక తలుపు తీసి మూటలు పడేసి, ముందు తలుపు తీసుకుని, ఒక చెయ్యి మోకాలి మీద ఆన్చి మెల్లగా ఎక్కి కూర్చుంది.

బండి అటు ఒరిగింది. కొద్దిగానే. ఆయనకి వీపులో తెలిసింది, స్టీరింగు మీది వేళ్లలో తెలిసింది.

"ఏమైంది? స్టార్టవ్వదా?"

"అవుతుంది."

"మరి పోనీ."

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. చెవుల పక్క జుట్టు తెల్లబడింది. ఇస్త్రీపెట్టె పట్టే మణికట్టు మీద ఎముక పొడుచుకొచ్చింది. ఇవన్నీ రెండేళ్లలో జరిగాయి.

"మోకాలు ఎన్నాళ్లనుంచి నొప్పి?" అని అడిగాడు.

"అదంతా ఎందుకులే ఇప్పుడు. పెద్ద కథ."

ఆయన తాళం తిప్పలేదు. చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెప్పు" అన్నాడు.